డాగ్ ఫుడ్ చేపలకు ఏస్తే ఏమైతది? మా నాన్న వింటలేడు

మల్కాజిగిరి_మున్నా:

అందరికి నమస్తే, ఎప్పటిసంది చదువుతనే ఉన్న గాని పోస్ట్ పెట్టుడు ఇదే ఫస్ట్ టైం, తప్పులుంటే ఏమనుకోకుండ్రి.

మా ఇంట్ల 3 అడుగుల ట్యాంక్ ఉంది, సుమారు 100 లీటర్ల నీళ్ళు పడ్తయి, దాంట్ల 5 గోల్డ్ ఫిష్‌లు ఒక సక్కర్ చేప. ట్యాంక్ పేరుకే నాది, మేత ఏసుడు చూస్కునుడు అంత మా నాన్ననే, రిటైర్ అయినంక పొద్దున లేస్తే ఆయనకు ఇదే పని. మాకు ఒక ల్యాబ్రడార్ కుక్క కూడ ఉంది, షేరూ, 9 ఏండ్లు, పోయిన నెల కిడ్నీల ప్రాబ్లం వచ్చిందని డాక్టర్ వాని తిండి మొత్తం మార్పిచ్చిండు, కాని దానికి రెండు దినాల ముందే 10 కిలోల డాగ్ ఫుడ్ బ్యాగు తెచ్చి విప్పి పెట్టినం, విప్పినంక షాపోడు వాపస్ తీస్కోడు. కరెక్ట్‌గ గప్పుడే చేపల మేత అయిపోయింది. మా నాన్న ఏం జేసిండంటే ఆ డాగ్ ఫుడ్‌ను మిక్సీల పొడి కొట్టి (అది కూడ మా అమ్మ అల్లం ఎల్లిగడ్డ నూరే చిన్న జార్ల, ఆ లొల్లి వేరే కథ) పొద్దున రెండు చెంచాలు సాయంత్రం రెండు చెంచాలు చేపలకు ఏసుడు షురూ జేసిండు. చెంచాలంటే టీ చెంచాలు.

నేను అడిగితే ఆయన లెక్క ఆయనకుంది. ప్రోటీన్ అంటే ప్రోటీనే, ఇది కోడిది ఇది చేపది అని చేపకేమన్న ఎర్కనా, పైంగ డాగ్ ఫుడ్ కిలో 250, చేపల మేత 100 గ్రాములకే 90 రూపాయలు అంటే కిలో 900, ఇది దోపిడి గాకపోతే ఏంది అంటుండు. నిజం చెప్పాల్నంటే నాక్కూడ జవాబు దొర్కలె. రెండిటి మీద రాసింది చదివిన, డాగ్ ఫుడ్ మీద ప్రోటీన్ 22 శాతం ఫ్యాట్ 10 శాతం, చేపల పాత డబ్బా మీద ప్రోటీన్ 32 ఫ్యాట్ 4. మరీ అంత తేడా ఏం లేదు గదా?

చేపలైతే ఎగబడి తింటున్నయి, అది మాత్రం నిజం. ఇప్పటికి 12 రోజులాయె. కాని నాలుగు రోజుల సంది నీళ్ళు గంజి లెక్క తెల్లగైతున్నయి, పైన నూనె తేలినట్టు మెరుస్తుంది, నిన్నటి సంది రెండు చేపలు పైకొచ్చి నోరు తెర్సి గుటకలు ఏస్తున్నయి. ఇది మేత వల్లనా ఎండల వల్లనా? రోహిణి కార్తె నడుస్తుంది గదా, ట్యాంక్‌ల చెయ్యి పెడితే నీళ్ళు వెచ్చగున్నయి. డాగ్ ఫుడ్ అస్సలే పనికిరాదా లేకుంటే తక్కువ ఏస్తే నడుస్తదా, జర మా నాన్న ఒప్పుకునేటట్టు చెప్పుండ్రి, ఊకె వద్దు అంటే వినే మనిషి కాదు.


పాతబస్తీ_ఆక్వా:

తమ్మీ, కారణాలు తర్వాత మాట్లాడుకుందాం, ముందుగాల చేపలను బతికించుకో.

ఇయ్యాల రేపు మేత బంద్. రెండు రోజులు ఉపాసం ఉంటే గోల్డ్ ఫిష్‌కు ఏం గాదు. ఎయిర్ పంపు ఉంటే ఫుల్లు పెట్టు, లేకుంటే ఫిల్టర్ పైపు నీళ్ళ పైకి లేపు, నీళ్ళు సప్పుడు చేస్కుంట పడాలె. మూడోవంతు నీళ్ళు తీసి కొత్తవి పొయ్యి, రేపు మల్ల గంతే, ఎల్లుండి మల్ల గంతే. ఒక్కసారే మొత్తం గుమ్మరిచ్చి ట్యాంక్‌ను సబ్బు పెట్టి తోమకు, మస్తు మంది గదే చేసి చంపుకుంటరు. నల్లా నీళ్ళైతే క్లోరిన్ ఉంటది, యాంటీ క్లోరిన్ చుక్కలు ఏసి పొయ్యి, అవి లేకుంటే బకెట్ల పట్టి గాలి పంపు పెట్టి ఒక రోజు ఉంచి పొయ్యి. ఫిల్టర్ స్పాంజిని నల్లా కింద కడగకు, ట్యాంక్‌లకెళ్ళి తీసిన నీళ్ళల్లనే పిండు, దాంట్ల ఉండే మంచి బ్యాక్టీరియా పోయిందనుకో నీ పని ఇంకింత ఖరాబ్.

పైన నూనె పొరకు ఒక చిట్కా చెప్త. ఫిల్టర్, పంపు ఒక అయిదు నిమిషాలు బంద్ చెయ్యి, నీళ్ళు నిలబడనీ. పువ్వులు బొమ్మలు లేని తెల్ల టిష్యూ పేపర్ తీస్కొని నీళ్ళ మీద పరుచు, రెండు సెకండ్లు ఆగి ఒక మూల పట్టి మెల్లగ లాగు, పొర దానికి అంటుకొని వస్తది. నాలుగైదు కాగితాలైతే పైన అద్దం లెక్క అయితది. మల్ల పంపు ఆన్ చేసుడు మర్చిపోకు.

ఇగ నీ సవాలుకు వస్తే, ఎండ కూడ కారణమే మేత కూడ కారణమే, రెండు కల్సి కొట్టినయి. నీళ్ళు వేడైతే దాంట్ల గాలి తక్కువ పడ్తది, 20 డిగ్రీలల్ల లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టే నీళ్ళు 30 డిగ్రీలకు వచ్చేసరికి ఏడున్నరే పడ్తయి. దాని మీద ఆ తెల్లదనం ఏందనుకున్నవ్, మిగిలిన మేత తిని పెరిగిన బ్యాక్టీరియా, అది కూడ గదే ఆక్సిజన్ పీలుస్తది. దాని మీద నూనె పొర మూత పెట్టినట్టు. చేప పైకొచ్చి గుటకలు ఏస్తుందంటే గాలి సాలుతలేదని అర్థం, ఆకలై కాదు. శానా మంది ఆకలనుకొని ఇంకో చెంచా ఏస్తరు, మీ నాన్నకు ఇది మాత్రం ఇయ్యాలనే చెప్పు.

నేను 25 ఏండ్ల సంది చేపలు పెంచుతున్న, ఆదివారం వచ్చిందంటే ముర్గీ చౌక్ బజార్ల ఒక రౌండు ఎయ్యంది నాకు ముద్ద దిగదు, నాకు తెల్సిన ఒక ముచ్చట చెప్త. పెద్దోళ్ళకు మాటలతోని చెప్తే ఎక్కది. కొత్త మేత తెచ్చినంక రెండు గాజు గ్లాసులల్ల గోరువెచ్చని నీళ్ళు పొయ్యి, ఒకదాంట్ల డాగ్ ఫుడ్ గింజలు రెండు, ఇంకోదాంట్ల గంతే తూకం చేపల మేత. రాత్రంత ఉంచు. పొద్దున మీ నాన్ననే వాసన చూడమను. నువ్వేం మాట్లాడకు.


ఇరానీ_చాయ్:

బ్రో చేపలకు డాగ్ ఫుడ్ అలవాటయ్యి రాత్రి దొంగ వచ్చినప్పుడు ట్యాంక్‌లోంచి భౌ భౌ వినిపిస్తే మాకూ ఒక అప్‌డేట్ ఇవ్వు 😂

జోక్స్ పక్కన పెడితే నాదీ ఒక డౌట్, మా నానమ్మ గప్పీ చేపలకి రోజూ బ్రెడ్ ముక్కలు మరమరాలు వేస్తుంది, గుళ్ళో కోనేట్లో చేపలు తినట్లేదా అంటుంది. అదీ తప్పేనా?


కొల్లేటి_కుర్రోడు:

మున్నా గారూ, మాది కైకలూరు దగ్గరండి, ఉద్యోగం కోసం కూకట్‌పల్లిలో ఉంటున్నాను. మాకు చేపల చెరువులున్నాయి. మీ నాన్నగారు అడిగిందే మా బాబాయి కూడా అడిగాడు నేను మొదటిసారి ట్యాంక్ కొన్నప్పుడు, బొచ్చె శీలావతి తవుడూ వేరుశనగ చెక్కా తిని కేజీన్నర తూగుతుంటే నీ గాజు పెట్టెలో చేపకి డబ్బా మేత కావాలంట్రా, అదేవన్నా పురిట్లో పిల్లాడా అని.

మా వైపు మేత ఎలా వేస్తారో చూడనివాళ్ళకి చెప్తాను, సంచులకి కింద కన్నాలు పొడిచి నూనె తీసిన తవుడూ చెక్కా కలిపి నింపి చెరువులో పాతిన కర్రలకి వరసగా కట్టేస్తారు. చేప వచ్చి ఆ కన్నాల దగ్గర మూతి పెట్టి పొడుచుకుని తింటుంది, పడవ మీద వెళ్తుంటే సంచులు వాటంతట అవే ఊగుతుంటాయి, చూడ్డానికి భలే ఉంటుంది. సాయంత్రానికి సంచి ఖాళీ అయితే చేప ఆరోగ్యంగా ఉన్నట్టు, మిగిలిపోయిందంటే మాకు ఆ రాత్రి నిద్ర ఉండదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ చేప తవుడొక్కటే తిని బతకట్లేదండి. చెరువులో పచ్చగా కనిపించే నాచు, కంటికి కనపడని పురుగులు, అవన్నీ దానికి సగం భోజనం, విటమిన్లన్నీ అక్కడి నుంచే వస్తాయి. మనం వేసేది పైన కలుపుకునే కూర లాంటిది. మీ హాల్లో ట్యాంక్‌లో అవేం లేవు, మీరు ఏం వేస్తే అదే దానికి లోకం. రెండోది నీళ్ళు. ఎకరం చెరువులో అయిదడుగుల నీళ్ళంటే 60 లక్షల లీటర్ల పైమాటే, మీ దగ్గరున్నది 100. మా చెరువులో బస్తా మేత కుళ్ళినా చేపకి తెలీకపోవచ్చు, మీ ట్యాంక్‌లో గుప్పెడు చాలు.

చాయ్ గారూ, కోనేరు సంగతి కూడా ఇంతేనండి. నానమ్మగారిని తిట్టకండి, మరమరాలు ఎప్పుడన్నా రెండు గింజలు వేస్తే పర్లేదు, రోజూ అయితే పొట్ట నిండుతుంది ఒళ్ళు పట్టదు.


ఆస్కార్_అర్జున్:

అందరూ కలిసి పాపం పెద్దాయన్ని మరీ భయపెట్టేస్తున్నారు. ఇంగ్లాండ్‌లో కార్ప్ చేపలు పట్టేవాళ్ళు తేలే కుక్క బిస్కెట్లనే ఎరగా వాడతారు, కావాలంటే వీడియోలు చూడండి, చేపలు చచ్చేంత ఇష్టంగా తింటాయి, గోల్డ్ ఫిష్ కూడా కార్ప్ జాతే కదా. ఇంకోటి, డిస్కస్ చేపలు పెంచేవాళ్ళు బీఫ్ హార్ట్ పెడతారు, అది మాంసం కాదా? ఫ్లవర్‌హార్న్ చేపకి చికెన్ పెట్టేవాళ్ళని మన సిటీలోనే పది మందిని చూపిస్తా. నేను నా రెండు ఆస్కార్ చేపలకి లాక్‌డౌన్‌లో మొదలుపెట్టి 8 నెలలు డాగ్ ఫుడ్ వేశా, దొరికింది అదే అప్పుడు. బ్రహ్మాండంగా పెరిగాయి. ఒకటి పోయింది అనుకోండి, అది వేరే విషయం.


జలపుష్ప:

అర్జున్ గారూ, ఆ పోయింది ఎలా పోయిందో కొంచెం చెప్తారా? పొట్ట ఉబ్బిందా? నిజంగానే అడుగుతున్నా, వాదించడానికి కాదు.

మున్నా, నేను ఫిషరీస్ చదివాను, నాన్నగారికి లెక్కలు ఇష్టం అని అర్థమైంది కాబట్టి లెక్కలతోనే చెప్తాను, కొంచెం పెద్దది అవుతుంది.

ముందు ఆయన అన్నదాంట్లో కరెక్ట్ ఏంటో చెప్పాలి. డాగ్ ఫుడ్ చేపలకి విషం ఏమీ కాదు. అందులో మొక్కజొన్న, బియ్యం ఎక్కువ ఉంటాయని కొందరు గోల చేస్తారు కానీ గోల్డ్ ఫిష్ కార్ప్ కుటుంబం, పిండి పదార్థం బాగానే అరిగించుకుంటుంది, ఆస్కార్ లాంటి వేటాడి తినే చేపకే అది ఇబ్బంది. ప్రిజర్వేటివ్‌లు ఉంటాయి అనేది కూడా పెద్ద పాయింట్ కాదు, చేపల మేతలోనూ ఉంటాయి.

తేడా ఎక్కడంటే కొవ్వు దగ్గర. నువ్వు 10, 4 చూసి ఆగిపోయావు, ఏ కొవ్వు అనేది చూడలేదు. డాగ్ ఫుడ్‌లో ఎక్కువగా ఉండేది కోడి కొవ్వు, పశువుల కొవ్వు. గింజలు తయారయ్యాక రుచి కోసం పైన కొవ్వు స్ప్రే చేస్తారు, చేత్తో పట్టుకుంటే వేళ్ళకి జిడ్డు అంటేది అదే. కుక్క ఒంటి వేడి 38 డిగ్రీల పైన ఉంటుంది, ఆ కొవ్వు దాని కడుపులో కరిగి అరుగుతుంది. చేప ఒంటికి సొంత వేడి లేదు, నీళ్ళు ఎంత ఉంటే అదీ అంతే. చేపకి కావలసింది చల్లటి నీళ్ళలో కూడా గడ్డకట్టని నూనె, అంటే చేప నూనె, విత్తనాల నూనె, ఒమేగా 3 ఉండేవి. గట్టి కొవ్వు రోజూ పడితే అది లివర్‌లో, పేగుల చుట్టూ పేరుకుంటుంది. పైకి చేప బొద్దుగా ముద్దుగా కనపడుతుంది, మనం మురిసిపోతాం.

రెండోది ఎవరూ చెప్పలేదు, విటమిన్ సి. కుక్క తన విటమిన్ సి తన లివర్‌లోనే తయారు చేసుకుంటుంది, అందుకే కుక్కల మేతలో అది కచ్చితంగా ఉండాలని రూలేం లేదు. మన అక్వేరియం చేపలు మనుషుల్లాగే, సొంతంగా తయారు చేసుకోలేవు, తిండిలోనే రావాలి. నెలల తరబడి అది లేకపోతే ఏమవుతుందంటే వెన్నెముక వంకర పోతుంది, దెబ్బలు మానవు. పక్క నుంచి చూస్తే ఎస్ అక్షరంలా ఈదే చేపల్ని ఎప్పుడైనా చూసే ఉంటారు, దానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. 12 రోజుల్లో అలా ఏం కాదు, కంగారు పడకు. ఇంకో మాట, ఈ విటమిన్ వేడికి, గాలికి తొందరగా పోతుంది, అందుకే షాపుల్లో పెద్ద డబ్బాలోంచి తీసి పాలిథిన్ కవర్లో కట్టి ఇచ్చే లూజు మేత కొనొద్దు, చిన్న సీల్డ్ ప్యాక్ కొని మూత గట్టిగా పెట్టుకోండి.

ఇప్పుడు నాన్నగారి చెంచాలు. టీ చెంచాకి 3 గ్రాములే వేసుకున్నా రోజుకి 12 గ్రాములు. మీ చేపలు ఒక్కోటి 20 గ్రాములు అనుకుందాం, 5 చేపలు 100 గ్రాములు. వాటి బరువులో ఒకటిన్నర శాతం రోజుకి చాలు, అంటే 1.5 గ్రాములు. ఆయన వేస్తున్నది 8 రెట్లు! గోల్డ్ ఫిష్‌కి మనలాగా జీర్ణాశయం సంచి ఉండదు, నోట్లోంచి నేరుగా పేగే, నిండింది అనే లెక్క దానికి పెద్దగా లేదు, వేస్తూ ఉంటే తింటూనే ఉంటుంది. ఎగబడి తింటున్నాయి అనేది అందుకే సర్టిఫికెట్ కాదు.

ఆ 12 గ్రాముల్లో 22 శాతం అంటే 2.6 గ్రాముల ప్రోటీన్. ప్రోటీన్‌లో 16 శాతం నైట్రోజన్, అది సుమారు 420 మిల్లీగ్రాములు. చేప తిన్నా తినకపోయినా అందులో చాలా భాగం చివరికి అమ్మోనియాగానే నీళ్ళలోకి వస్తుంది, తింటే మొప్పల నుంచి, మిగిలితే కుళ్ళి. సగమే వచ్చిందనుకున్నా 100 లీటర్లలో రోజూ లీటరుకి 2 మిల్లీగ్రాములు కొత్తగా చేరుతున్నట్టు. మామూలుగా టెస్ట్ కిట్‌లో సున్నా ఉండాలి. పైగా మీది బోర్ నీళ్ళా? హైదరాబాద్ బోర్ నీళ్ళు చాలా చోట్ల గట్టి నీళ్ళు, పీహెచ్ 8 దగ్గర ఉంటే అదే అమ్మోనియా పీహెచ్ 7 కన్నా దాదాపు 10 రెట్లు ఎక్కువ కాటేస్తుంది, వేడి ఎక్కినకొద్దీ ఇంకా.

అదే 12 గ్రాముల్లో కొవ్వు 1.2 గ్రాములు, 12 రోజులకి 14 గ్రాములు. మూడు చెంచాల నెయ్యి ట్యాంక్‌లో వేసినట్టు. పొడి కొట్టడంతో అదింకా తొందరగా బయటికి వచ్చేసింది.

నిజాయితీగా చెప్పాలంటే రోజుకి 12 గ్రాములు మంచి చేపల మేత వేసినా నీళ్ళు తెల్లగానే అయ్యేవి. కాబట్టి తప్పు సగం బ్యాగుది, సగం చెంచాది.

బీఫ్ హార్ట్ గురించి అర్జున్ గారికి, డిస్కస్ వాళ్ళు ఆ గుండెకాయకి ఉన్న కొవ్వు, నరాలు గంటలు కూర్చుని ఒలిచి పారేస్తారు, మిగిలేది దాదాపు కొవ్వు లేని కండ, దాంట్లో మళ్ళీ రొయ్యలు, పాలకూర, విటమిన్లు కలుపుతారు, వేశాక ఎక్కువ మంది నీళ్ళు మారుస్తారు. వాళ్ళు తీసేసే కొవ్వే ఇక్కడ గింజ మీద స్ప్రే చేసి ఉంది. ఇక ఎర సంగతి, ఎర తిన్న చేప ఎంత కాలం ఆరోగ్యంగా ఉందో పట్టినవాడు చూడడు కదండీ.


ఆస్కార్_అర్జున్:

మేడమ్ మీరు అడిగారు కాబట్టి చెప్తున్నా, అప్పుడు ఎవరికీ చెప్పలేదు. పొట్ట ఉబ్బింది, నేను గుడ్లు పెడుతుందేమో అని సంబరపడ్డా. రెండు వారాలు తిండి మానేసి మూలన నిలబడింది, తర్వాత పోయింది. మా పక్కింటాయన చేపలు కోస్తుంటాడు, ఆయన చేత కోయించి చూశా. లోపల గుడ్లు లేవు ఏం లేవు, పేగులు కనపడకుండా చుట్టూ తెల్లగా కొవ్వు, కొబ్బరి ముక్కల్లా. లివర్ ఎర్రగా ఉంటుందనుకున్నా, పాలిపోయి గోధుమపిండి ముద్దలా ఉంది. రెండోదానికి అప్పుడే ఆపేసి చేపల మేత పెల్లెట్లకి మార్చా, ఇప్పటికీ ఉంది. డాగ్ ఫుడ్ వల్లే అని గ్యారంటీగా అనలేను కానీ... సరే నేను పైన రాసింది కొంచెం ఎక్కువైంది.


పాతబస్తీ_ఆక్వా:

అర్జున్ భాయ్, చెప్పినవ్ జూడు గదే గొప్ప.

తమ్మీ మున్నా, ఏమైంది, చేపలెట్లున్నయి?


మల్కాజిగిరి_మున్నా:

అన్నా, అక్కా, అందరికి మస్తు థ్యాంక్స్. నాలుగు దినాలాయె. చేపలు 5 ఉన్నయి, సక్కర్ ఉంది. మూడు రోజులు నీళ్ళు మార్చినం, ఇప్పుడు వెనకున్న గోడ పెయింట్ కూడ కనపడ్తుంది. టిష్యూ పేపర్ చిట్కా సూపర్, మొదటి కాగితం తీసినప్పుడు బజ్జీలు పెట్టుకున్న పేపర్ లెక్క మరకలొచ్చినయి, మా అమ్మ చూసి ముక్కు మూస్కుంది.

గ్లాసుల పని చేసిన. ముర్గీ చౌక్ దాంక పోలేదు, ఇక్కడ్నే సీల్డ్ ప్యాక్ 100 గ్రాములది తెచ్చిన. రాత్రి తొమ్మిదింటికి డైనింగ్ టేబుల్ మీద రెండు చాయ్ గ్లాసులు పెట్టిన, మా నాన్న టీవీ చూస్కుంట ఓరకంట చూస్తనే ఉన్నడు. డాగ్ ఫుడ్ దాంట్ల కొంచెంసేపటికే పైన చిన్న చిన్న చుక్కలు, చారుల తాలింపు నూనె తేల్తది జూడు గట్ల. పది నిమిషాలల్ల గింజ ఉబ్బింది. పొద్దున లేచేసరికి గింజ బొటనవేలంత అయి పగిలింది, నీళ్ళు చాయ్ రంగుకొచ్చినయి, పైన ఒక పొర, చెంచాతోని ముట్టుకుంటే ముడతలు పడ్తుంది. చేపల మేత గ్లాసుల కూడ నీళ్ళు జర పసుపు రంగు అయినయి, మెత్తబడింది, కాని పైన పొర లేదు. మా నాన్న నన్ను అడగకుండనే రెండు గ్లాసులు వాసన చూసిండు. మొదటిది చూసి ఏం మాట్లాడలె, తీస్కపోయి సింకుల పారపోసి గ్లాసు రెండుసార్లు కడిగిండు.

ఇగ అయిపోయింది అనుకున్న గాని మా నాన్న ఊరుకుంటడా. జలపుష్ప అక్క రాసింది మొత్తం చదివిపిచ్చుకొని అంటుండు, ఆమె చెప్పింది కరెక్టే, నేను ఎక్కువ ఏసిన, మరి ఒకటిన్నర గ్రాము డాగ్ ఫుడ్డే ఏస్తే ఏమైతది అని. జవాబు చెప్పు అక్కా. ఇంకోటి, జూన్‌ల పెండ్లికి నాలుగైదు రోజులు నిజామాబాద్ పోయేదుంది, అప్పుడెట్ల?


జలపుష్ప:

నాన్నగారు మంచి ప్రశ్నే అడిగారు. ఒకరోజు మేత అయిపోయి, షాపు మూసి ఉంటే రెండు చిటికెలు వేస్తే ఏం కాదు. కానీ రోజూ అదే అయితే నీళ్ళు బాగానే ఉండొచ్చు, చేప లోపల బాగుండదు, కొవ్వు, విటమిన్ సి సంగతి చెంచా తగ్గిస్తే మారదు కదా. అయినా ఆయన పైసల లెక్కకే వద్దాం, రోజుకి 1.5 గ్రాములంటే 100 గ్రాముల డబ్బా 66 రోజులు వస్తుంది. 90 రూపాయల్ని 66తో భాగిస్తే రోజుకి రూపాయి 36 పైసలు. కిలో 900 అని చూస్తే దోపిడీ, కానీ ఆ కిలో మీ 5 చేపలు తినాలంటే దాదాపు రెండేళ్ళు పడుతుంది, చేపలు పెరిగితే ఇంకొంచెం తొందరగా.

మార్చి మార్చి పెట్టాలంటే ఉడకబెట్టిన పచ్చి బఠాణీ తొక్క తీసి నలిపి వేయండి, వారానికి ఒకసారి, గోల్డ్ ఫిష్‌కి పొట్ట సాఫీగా ఉంటుంది. ఏదైనా రెండు నిమిషాల్లో తినేసేంతే వేయాలి, మిగిలింది వలతో తీసేయాలి.

పెళ్ళికి వెళ్ళేటప్పుడు ఏం వేయకండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద గోల్డ్ ఫిష్ వారం రోజులు తిండి లేకపోయినా ఉంటుంది. పక్కింటివాళ్ళకి డబ్బా ఇచ్చి వెళ్తే మాత్రం తిరిగొచ్చేసరికి ఏం చూస్తారో చెప్పలేను, ఇవ్వాల్సి వస్తే రోజుకొకటి చొప్పున కాగితం పొట్లాలు కట్టి ఇవ్వండి.

అన్నట్టు 100 లీటర్లకి 5 గోల్డ్ ఫిష్, ఒక సక్కర్ ఎక్కువే, ఇప్పుడు చిన్నవి కాబట్టి నడుస్తోంది, సక్కర్ అయితే అడుగు పైన పెరుగుతుంది.


ఇరానీ_చాయ్:

నాలుగు రోజులుగా ఈ థ్రెడ్ కోసమే లాగిన్ అవుతున్నా. నానమ్మకి కొల్లేటి అన్న మాట చదివి వినిపించా, బ్రెడ్ మానేసింది, మరమరాలు మాత్రం లెక్కపెట్టి రెండే వేస్తోంది, మూడోది తను తింటోంది.

మున్నా బ్రో, మిగతా బ్యాగ్ ఏం చేస్తున్నావ్? మా గల్లీలో కుక్కలున్నాయ్, వచ్చి తీస్కుంటా.


మల్కాజిగిరి_మున్నా:

లేట్ చేసినవ్ బ్రో. మా నాన్న పొద్దున ఆరింటికి గేటు ముంగట గల్లీ కుక్కలకు పెడ్తుండు, మొదటి దినం రెండు వచ్చినయి, ఇయ్యాల ఏడు. షేరూగాడు లోపలికెళ్ళి చూసి ఒకటే మొరుగుడు, వానిది వాళ్ళకు పెడ్తున్నరని కడుపు మండి ఉంటది.

రూపాయి 36 పైసలు అనేది మాత్రం మస్తు పని చేసింది అక్కా. కాలిక్యులేటర్ల మల్ల చేసి చూస్కున్నడు. పోస్టాఫీసు కవర్లు కత్తిరిచ్చి అయిదు పొట్లాలు కూడ కట్టిండు పెండ్లి కోసం, ఏం ఏయకున్న నడుస్తది అన్నరు గదా అంటే, ఉండనీ, ఎందుకైన మంచిది అంటుండు. ఆ పొట్లాలు ఎవ్వరికియ్యకుండ నేనే బీరువల దాచిపెట్టిన.

మిక్సీ జార్ మాత్రం కడిగినకొద్ది వాసన పోతలేదు. నిమ్మకాయ పెట్టినం, సోడా పెట్టినం, మొన్న పచ్చడి నూరితే ఎవ్వరం తినలె. కొత్త జార్ 450 రూపాయలు, చేపల మేత అయిదు డబ్బాల పైసలు. మా అమ్మ ఆ బిల్లు తీస్కపోయి ట్యాంక్ అద్దానికి టేప్ పెట్టి అంటిచ్చింది.